గూళ్ళు గీసిన చెయ్యి

"పెట్టావా?" అంది కఫుయి.

ఎడెమ్ చేతిలోని మొక్కజొన్న అక్ప్లే ముద్ద బెండకాయ పులుసులో మునిగి అక్కడే ఆగిపోయింది.

"తింటున్నాను కదా."

"తినే చేత్తోనేగా సంతకమూ పెట్టేది! ఒక్క మాట చెప్పి తిను. పెట్టావా, పెట్టలేదా?"

"ఇంకా లేదు."

కఫుయి ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇంకా" అన్న మాట ఇద్దరి మధ్యా బల్లమీద పడి ఉంది. దాని పక్కనే ఆ కాగితమూ ఉంది. నిన్న, శుక్రవారం సాయంత్రం, మిల్లు మేనేజరు బ్లాంక్సన్ స్వయంగా ఎడెమ్ చేతిలో పెట్టిన కాగితం. అందులో ఉన్నది మూడే ముక్కలు. నమూనా నలభై ఒకటి, గిజిగాడి గూళ్ళు. గీసినది ఎడెమ్ డోట్సే, నమూనాల గది సూపర్‌వైజర్. పని వేళల్లో, అనుమతితో.

గీసింది ఎడెమ్ కాదు. ఎదురుగా కూర్చున్న అతని భార్య. పని వేళల్లో కాదు, ఈ బల్లమీదే, ఇక్కడే, సెలవు రోజుల్లో. అనుమతి సంగతి అడగనే అక్కర్లేదు.

"ఇటు చూడు కఫుయి," అన్నాడు ఎడెమ్, ఆలోచించుకుని పెట్టుకున్న మాటల్ని వరసగా బయటికి తీస్తూ. "నువ్వు నమూనాని మిల్లు బయట గీశావు. మిల్లు ఒప్పుకున్న పట్టీలో లేని బొమ్మ గీశావు. మిషను సరిచూసే వంకతో అచ్చుగదివాళ్ళ చేత పన్నెండు గజాలు వేయించావు. మూడు తప్పులు. ఈ కాగితం మీద సంతకం పడితే ఆ మూడూ ఉండవు. గీసింది నేనైతే నీమీద కేసే లేదు. హో పట్నం బజారు ఆర్డరు వస్తుంది. అందరికీ మంచిదే."

"అందరికీ అంటే?"

"అందరికీ."

"నా మీద కేసు పోతుంది. బ్లాంక్సన్‌కి ఆర్డరు వస్తుంది. నీకు పేరు వస్తుంది. మరి నాకేం వస్తుంది?"

"ఉద్యోగం ఉంటుంది."

"ఏ ఉద్యోగం? అరగంటకోసారి ఏం గీశానో చీటీలో రాసే ఉద్యోగమా? పోయిన బుధవారం నా చీటీలో ఏముందో చెప్పనా? తొమ్మిది నుంచి తొమ్మిదిన్నర, పువ్వు. తొమ్మిదిన్నర నుంచి పది, అదే పువ్వు, పెద్దది. పది నుంచి పదిన్నర, అదే పువ్వు, నీలం. దాని కింద నీ సంతకం. పక్కన 'బాగుంది' అని కూడా రాశావు!"

ఎడెమ్‌కి నవ్వు రాబోయింది. నవ్వితే ఇల్లు కూలుతుందని తెలిసి ఆపుకున్నాడు.

"పద్ధతి నేను పెట్టింది కాదు."

"పెట్టింది నువ్వు కాదు. ఆయన పెడితే గోడమీద తొండలాగా తల ఊపింది నువ్వు. ఐదేళ్ళలో అమ్ముడుపోయిన ముప్ఫై బొమ్మలు తప్ప ఇంకోటి గీయకూడదన్నారు, ఊపావు. గదిలో మాట్లాడకూడదన్నారు, ఊపావు. బజారు ఆడవాళ్ళు లోపలికి రాకూడదన్నారు, దానికీ ఊపావు. వాళ్ళు వచ్చి మన నెత్తిమీద నిలబడి 'ఈ పక్షికి కడుపు నొప్పా ఏంటే?' అని వెక్కిరిస్తుంటేనే కదా మనం పని నేర్చుకుంది?"

"ఊపకపోతే నా బదులు ఇంకొకడు ఊపేవాడు."

"ఊపనివ్వాల్సింది!"

ముద్ద నోటికి పోలేదు. ఎడెమ్ చెయ్యి కడుక్కున్నాడు.

వాకిట్లో చేపలు ఎండబెడుతున్న అతని తల్లి అబ్లా అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. హో బజారులో ముప్ఫై ఏళ్ళు బట్టలు అమ్మిన మనిషి ఆమె. మోకాళ్ళు మొరాయించాక ఆషాయిమాన్‌లో కొడుకింటికి వచ్చింది. మోకాళ్ళు మొరాయించాయి గానీ చెవులు కాదు. గుమ్మం పట్టుకుని లోపలికి వచ్చింది.

"ఆ పన్నెండు గజాల్లో రెండు బజారుకి పట్టుకెళ్ళింది నేను," అంది. "తప్పైతే నన్ను పిలవమను మీ బ్లాంక్సన్‌ని. కుర్చీ కూడా వేయించమను, నిలబడలేను."

"అమ్మా, నువ్వు ఇందులోకి రాకు."

"ఇందులోనే ఉన్నాన్రా నేను. ఈ ఏడాది మీ మిల్లు పద్దెనిమిది రకాలు వదిలింది. ఒక్కదానికైనా బజారు పేరు పెట్టిందా? 'అది', 'ఇది', 'ఆ పక్కది'. వేలు పెట్టి చూపించి కొనుక్కునే బట్ట పెళ్ళికెవరు కట్టుకుంటారు? చావుకెవరు కట్టుకుంటారు? నీ పెళ్ళాం గీసినదాన్ని బట్టల బజారు పెద్ద డావి అకువి ఇలా వేళ్ళతో తడిమిందో లేదో, అక్కడికక్కడే పేరు పెట్టేసింది."

"ఏం పేరు?" అంది కఫుయి. ఆ సంగతి ఆమెకీ తెలియదు.

"నచ్చితేనే కాపురం."

కఫుయి నోటిమీద చెయ్యి పెట్టుకుంది. గిజిగాడు గూడు అల్లి ఆడపిట్టకి చూపిస్తాడు, దానికి నచ్చకపోతే పీకి మళ్ళీ అల్లుతాడు. అదంతా ఆమె ఎవరికీ చెప్పలేదు. గీసింది, అంతే. బజారు చదువుకుంది.

అబ్లా తన గదిలోకి వెళ్ళి, పెట్టె అడుగునుంచి ఒక బట్ట తెచ్చి కొడుకు ముందు పరిచింది. ముదురు నీలం మీద తెల్లటి చేపల వల. వల మధ్యలో ఒక్కచోట దారం తెగి, మళ్ళీ ముడి వేసి ఉంది. ఉతికి ఉతికి అంచు మెత్తబడింది గానీ రంగు చెక్కు చెదరలేదు.

"తెగిన చోటే ముడి," అంది అబ్లా. బజారు దానికి పెట్టిన పేరది. "ఇరవయ్యారేళ్ళప్పుడు గీశావు. అప్పటి మేనేజరు అరిచేవాడు, బూతులు తిట్టేవాడు, కానీ మీకు ఏం గీయాలో తోచక కూర్చుంటే రెండు రోజులు కేటా సముద్రపు ఒడ్డుకి పొమ్మని తరిమేవాడు. అక్కణ్ణుంచి తెచ్చుకున్నావు ఈ వల. ఇది కట్టుకున్న ఆడది ఇప్పటికీ హోలో ప్రతి ఆదివారం ఒకత్తైనా కనిపిస్తుందట."

ఎడెమ్ బట్టకేసి చూడలేదు.

"నా కొడుకు సూపర్‌వైజరని నేనెప్పుడూ ఎవరితోనూ చెప్పుకోలేదురా. ఈ బట్ట గీసినవాడు నా కొడుకని చెప్పాను. ఇప్పుడు వాడు ఇంకొకళ్ళు గీసినదాని కింద పేరు రాసుకుంటాడా?"

అబ్లా బట్ట మడత పెట్టలేదు. బల్లమీద అలాగే వదిలేసి చేపల దగ్గరకి పోయింది.

*

ఆదివారం ఆ ఇంట్లో మూడు నాలుకలూ సెలవు తీసుకున్నాయి.

చర్చికి ముగ్గురూ ఒకే బండిలో వెళ్ళారు. కఫుయి ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చుంది. పాట పాడేటప్పుడు ఆమె గొంతు ఎప్పటికంటే పైకి లేచింది. చుట్టూ ఉన్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఏడ్చేవాళ్ళు అలా పాడరు. ఎడెమ్‌కి అది తెలుసు, అందుకే భయం వేసింది.

సాయంత్రం అతని సోమవారం చొక్కా ఇస్త్రీ చేసింది. చేతికి ఇవ్వలేదు. కుర్చీకి తగిలించింది. జేబులో కాగితమూ, పెన్నూ కూడా తనే పెట్టింది.

పెన్ను ఎందుకు పెట్టిందో అతనికి అర్థం కాలేదు.

*

సోమవారం పది గంటలకి మేనేజరు గదిలో డావి అకువి కూర్చుని ఉంది. డావి అంటే అక్క. హో బజారు బట్టల వాళ్ళందరికీ ఆవిడ అక్కే, ఆవిడ కన్నా పెద్దవాళ్ళకి కూడా. వెంట ఇద్దరు ఆడవాళ్ళు. బ్లాంక్సన్ బల్లమీద ఆ రెండు గజాల గుడ్డ పరిచి ఉంది. ఆకుపచ్చ మీద పసుపు గూళ్ళు, కొమ్మ కొమ్మకీ వేలాడుతూ.

బయట వరండాలో చెక్కబల్ల మీద కఫుయి కూర్చుంది. సంతకం పడేదాకా కేసు కేసే కాబట్టి, క్షమాపణ రాసి ఇవ్వడానికి పిలిచారు ఆమెని. రాయనని పొద్దున్నే చెప్పేసింది. అయినా కూర్చోమన్నారు.

"మీరు అడిగినంతా ఈస్టరు లోపల అందుతుంది," అన్నాడు బ్లాంక్సన్. గట్టి మనిషే గానీ చెడ్డవాడు కాదు. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, ఎవరి మాటకీ అడ్డు రాకుండా వినే మనిషి. వినడం అయ్యాక తను ముందే అనుకున్నది చెబుతాడు.

"అందుతుందిలే నాయనా. ముందు ఇది గీసిన చెయ్యి ఏదో చూపించు," అంది డావి అకువి.

"మా నమూనాల విభాగం గీసిందమ్మా."

"విభాగానికి చేతులుంటాయా?"

వెంట వచ్చిన ఇద్దరూ కిసుక్కుమన్నారు. బ్లాంక్సన్ కూడా మర్యాదగా నవ్వి ఎడెమ్ వైపు చెయ్యి చూపించాడు. "మా సూపర్‌వైజర్ ఎడెమ్."

డావి అకువి ఎడెమ్‌ని కిందినుంచి పైదాకా చూసింది. "వల గీసిన అబ్బాయివి కదూ నువ్వు? అబ్లా కొడుకువి. మళ్ళీ గీయడం మొదలుపెట్టావా? మంచిది. ఇటు రా." ఆవిడ వేలు గుడ్డమీద ఒక మూలకి పోయింది. "అన్ని గూళ్ళూ నిండుగా అల్లావు. ఇదొక్కటే సగంలో ఉంది. గడ్డిపోచలు వేలాడుతున్నాయి. అచ్చు తప్పా, కావాలనే వదిలావా? కొనేవాళ్ళు ముందు ఇదే అడుగుతారు. నేనేం చెప్పను?"

ఎడెమ్ వంగి చూశాడు. ఆ సగం గూటిని ఇన్ని రోజుల్లో అతను నిజంగా చూడలేదు. కొలిచాడు. లెక్కపెట్టాడు. పట్టీలో లేదని గుర్తు పెట్టాడు. చూడలేదు.

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మంచి అబద్ధమే. కన్ను ఆగడానికి ఒక ఖాళీ ఉండాలి డావి, అనొచ్చు. ఇరవై రెండేళ్ళ అనుభవం అలాంటి మాటల్ని తడుముకోకుండా అందిస్తుంది. ఆవిడ నమ్మేది కూడా.

"నాకు తెలీదు," అన్నాడు.

"అదేంటి?"

"గీసింది నేను కాదు డావి. నా భార్య కఫుయి. మా ఇంట్లో, తిండి తినే బల్లమీద గీసింది. గీస్తుంటే చూసి నేను వద్దన్నాను. బయట వరండాలో కూర్చుంది. ఆవిడనే అడగండి."

అని జేబులోంచి కాగితం తీసి మేనేజరు బల్లమీద పెట్టాడు. సంతకం చోటు తెల్లగా ఉంది.

బ్లాంక్సన్ కాగితం అందుకోలేదు. "ఎడెమ్," అన్నాడు మెల్లగా. "ఇప్పుడు నువ్వేం చేశావో తెలుసా?"

ఈలోపు డావి అకువి తనే లేచి వెళ్ళి తలుపు తీసి కేకేసింది. "అమ్మాయ్! లోపలికి రా. నీ గూడు ఊడిపోయిందేంటి?"

కఫుయి వచ్చింది. ఎవరి ముఖాన్నీ చూడలేదు, తిన్నగా గుడ్డ దగ్గరకి వెళ్ళింది.

"ఊడిపోలేదు డావి. మళ్ళీ కడుతున్నాడు. ఆవిడ వద్దంది, పీకేశాడు, ఇది రెండోసారి."

డావి అకువి పొట్ట పట్టుకుని నవ్వింది. "విన్నారుటే! రెండోసారిట! అయితే ఇదే ముఖ్యం తల్లీ. ఇది అంచుకి దగ్గరగా రావాలి. ఇప్పుడున్న చోట ఉంటే నడుం దగ్గర ముడిలో పోతుంది, ఎవరికీ కనబడదు."

"ఒక జానెడు దించుతాను. దించితే పైన కొమ్మ కూడా వంచాలి."

"వంచు. పసుపు కూడా కొంచెం తగ్గించు, మామిడిపండులా ఉంది."

"పసుపు తగ్గించనండీ. ఉతికితే అదే తగ్గుతుంది."

డావి అకువి గుడ్డ అంచు ఎత్తి వెలుతురులో పట్టుకుని చూసింది. "సరే, ఉంచు," అంది.

ఎడెమ్ గోడ పక్కన నిలబడి విన్నాడు. పెళ్ళాం మాట్లాడుతుంటే వినడం అతనికి కొత్త కాదు. పనివాళ్ళు పని గురించి మాట్లాడుకోవడం ఆ మిల్లులో విని ఎన్నాళ్ళైందో గుర్తు రాలేదు. ఆ మనిషి నా మనిషి అని ఎవరితోనైనా చెప్పాలనిపించింది. చెప్పేశాడు కదా ఇందాకే అని గుర్తొచ్చి నిటారుగా నిలబడ్డాడు.

బ్లాంక్సన్ గొంతు సవరించుకున్నాడు.

"కఫుయి, నేను ఈ మిల్లుకి వచ్చినప్పుడు మీరు గీసినవాటిలో సగం గోదాములో కుళ్ళుతున్నాయి. ఎలకలు గూళ్ళు పెట్టుకున్నాయి వాటిలో. నియమాలు అందుకే పెట్టాను. ఎవరికి తోచింది వాళ్ళు గీస్తూ పోతే ఈ మిల్లులో ఆరువందల మంది ఏం తింటారు?"

"సగం కుళ్ళాయి సార్, నిజమే," అంది కఫుయి. "మిగతా సగాన్ని జనం ఇప్పటికీ కట్టుకుంటున్నారు. ఏ సగం ఏదో గీయకముందే మీకు తెలిస్తే ఆ కిటుకు మాకూ చెప్పండి. కుళ్ళేవి గీయడం మానేస్తాం."

బ్లాంక్సన్ విన్నాడు. అడ్డు రాలేదు. ఈసారి వినడం అయ్యాక వెంటనే ఏమీ చెప్పలేకపోయాడు.

డావి అకువి సంచీ చంకకి తగిలించుకుంది. "మా మాట చిన్నది నాయనా. రంగులు ఈ అమ్మాయే చూడాలి, అంచు ఈ అమ్మాయే చూడాలి. అలా అయితే ఆర్డరు నీది. విభాగం చూస్తానంటే, మేం వేరే మిల్లు చూసుకుంటాం."

"గురువారం చెబుతానమ్మా. పైవాళ్ళతో మాట్లాడాలి."

ఆడవాళ్ళు ముగ్గురూ వెళ్ళిపోయాక బ్లాంక్సన్ ఆ ఖాళీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సొరుగులో వేశాడు.

"గురువారం దాకా కఫుయి ఇంటి దగ్గరే ఉండాలి. విచారణ పూర్తి కాలేదు. క్షమాపణ రాస్తే రేపే రావచ్చు."

"రాయను సార్."

"ఎడెమ్, సూపర్‌వైజర్ తాళాలు నమూనాల గదిలో గామెలికి ఇచ్చేయి. నీకు గీయడం వచ్చని డావి అంటోంది. రేపు ఏడున్నరకి గదిలో కూర్చుని గీయి. గురువారానికి మూడు నమూనాలు కావాలి నాకు."

*

ఇద్దరూ గేటు దాకా నడిచారు. కాపలావాడు కఫుయి సంచీ వెతకబోయాడు. ఆమె తనే సంచీ తెరిచి, అతను చూసేదాకా తల ఎత్తుకుని నిలబడింది. అతనే సిగ్గుపడి చాల్లేమ్మా అన్నాడు.

"ఆ గూడు సంగతి నన్నడిగి ఉంటే చెప్పేదాన్ని," అంది రోడ్డెక్కాక.

"అడగలేదు."

"ఎనిమిదేళ్ళుగా ఏదీ అడగలేదు."

లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. ఎడెమ్ కర్చీఫుతో ముఖం తుడుచుకున్నాడు. "నువ్వు జేబులో పెన్ను ఎందుకు పెట్టావు?"

"సంతకం పెట్టేట్టయితే నా పెన్నుతోనే పెట్టమని. కనీసం అదైనా నాది ఉంటుందని."

అతనికి నవ్వు వచ్చింది. ఈసారి ఆపుకోలేదు. ఆమె నవ్వలేదు గానీ నడక తగ్గించి పక్కకి వచ్చింది.

"'నాకు తెలీదు' అన్నావుగా, ఆవిడ అడిగితే? వరండాలోకి వినబడింది."

"అన్నాను."

"సూపర్‌వైజరు అయ్యాక నీ నోట అంత మంచి మాట నేను వినలేదు." అతని ముఖంలోకి చూసి అడిగింది, "భయంగా ఉందా?"

"సూపర్‌వైజరు పని పోయినందుకు కాదు. గీయమన్నాడు చూడు, అందుకు."

కఫుయి ధైర్యం చెప్పలేదు. వస్తుందిలే అనలేదు. ఆ గౌరవాన్ని అతను గుర్తుపట్టాడు.

*

మంగళవారం ఏడున్నరకి అతను నమూనాల గది తలుపు తోశాడు. ఎనిమిదేళ్ళు ఆ తలుపు తాళం అతని దగ్గరే ఉండేది. ఇవాళ వేరొకరు తీసి ఉంచారు.

ఐదుగురు గోడవైపు తిరిగి కూర్చున్నారు. పెన్సిళ్ళు ఆగాయి. ఎవరూ వెనక్కి చూడలేదు. ఎవరెవరి చీటీల మీద తను ఏమేం రాశాడో ఒక్కొక్క వీపూ చూడగానే ఎడెమ్‌కి గుర్తొచ్చింది. 'ఆలస్యం.' 'పట్టీలో లేదు.' 'మళ్ళీ గీయాలి.' గామెలి వీపు అన్నిటికన్నా బిగుసుకుని ఉంది. తాళాలగుత్తి అతని బల్లమీద, ముట్టుకోవడం ఇష్టం లేనట్టు, ఒక మూలకి నెట్టేసి ఉంది.

గదిలో ఖాళీగా ఉన్న బల్ల ఒక్కటే. కఫుయిది. ఆమె రంగు గిన్నెలు, ఆమె చిన్న కత్తి, ఆమె కుర్చీ మీద వేసుకునే మెత్త, అన్నీ అక్కడే ఉన్నాయి.

"అందులో కూర్చోమన్నారు," అన్నాడు గామెలి, గోడతో చెబుతున్నట్టు.

ఎడెమ్ ఆ బల్ల దాకా వెళ్ళాడు. కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు. తీసేశాడు.

అలమరలోంచి పెద్ద కాగితం ఒకటి లాగాడు. గది మధ్యలో, ఐదుగురి వీపుల వెనక, సిమెంటు నేలమీద పరిచాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నలభై ఎనిమిదేళ్ళ మోకాళ్ళు చప్పుడు చేశాయి.

మొదటి గీత వంకర వచ్చింది. రెండోది మరీ అన్యాయం. మూడో గీత ఎక్కడికి పోతోందో అతనికి తెలియలేదు. అయినా పోనిచ్చాడు.

ఎవరో కుర్చీ జరిపిన చప్పుడైంది. తర్వాత మరొకటి. తల ఎత్తి చూడలేదు గానీ, ఒక నీడ వచ్చి కాగితం అంచున ఆగింది.

"చేపా?" అన్నాడు గామెలి. ఆ గదిలో ఏడాదిగా ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

"తెలీదు. నీకెలా ఉంది?"

"చేపైతే దానికి తోక ఎక్కడ? ఇటివ్వు పెన్సిలు."

ఎడెమ్ పెన్సిలు ఇవ్వబోతుండగా వరండాలో బూట్ల చప్పుడు వినిపించింది. ఏడు గంటల యాభై నిమిషాలు. బ్లాంక్సన్ ఆ వేళకి ఎప్పుడూ ఇటువైపు రాడు. వెంట ఇంకెవరో ఉన్నారు, ఒకరు కాదు, చాలామంది, పైవాళ్ళే కాబోలు.

గామెలి వంగి పెన్సిలు అందుకున్నాడు. తన బల్ల దగ్గరకి పోలేదు. ఎడెమ్ పక్కనే నేలమీద చతికిలబడ్డాడు.

తలుపు తెరుచుకుంది.